పసుపు సబ్బు ఎర్రబడిన శ్రావణం

చిక్కడపల్లి,
జూన్ 17

నవతా,

ఉత్తరం చూసి ఎవరో పోయారనుకోకు. అందరం ఉన్నాం. నా ఫోను మాత్రం పోయింది. దొంగ ఎవరో తెలుసు. మా అమ్మ.

ఆమె ఫోనులో ఫొటోలు మసకగా వస్తాయట. నా దాంట్లో అయితే సబ్బులు మెరుస్తాయట. పొద్దున ఆరు నుంచి ఆర్డర్లు వస్తాయని దాన్ని బొడ్లో దోపుకుని తిరుగుతోంది. నీకు ఎలాగూ ఆ గురుకులంలో వాటర్ ట్యాంకు ఎక్కితే తప్ప సిగ్నల్ అందదు. అందుకే ఇన్లాండ్ కవరు. పోస్టాఫీసులో అడిగితే కౌంటరులో ఆయన నన్ను జాలిగా చూశాడు.

జరిగింది ఇది. అశోక్‌నగర్‌లో గ్రూప్స్ కోచింగ్ బోర్డుల మధ్య కొత్త బోర్డు ఒకటి వెలిసింది. 'రెండు రోజుల్లో సుగంధ కొవ్వొత్తులు, సబ్బుల తయారీ.' పక్కవాళ్ళు రెండేళ్ళు చదివించి కూడా ఉద్యోగం ఇప్పించలేరు. వీళ్ళు రెండు రోజుల్లో మా అమ్మను యజమానురాలిని చేసి పంపించారు. సర్టిఫికెట్టుకు ఫ్రేము కూడా కట్టించింది. అది నా డిగ్రీ పట్టా ఉన్న మేకుకే వేలాడుతోంది. పట్టా బీరువాలోకి వెళ్ళింది.

ముందు కొవ్వొత్తులు. మల్లె, గంధం, మొగలి, ఇంకోటేదో. నాలుగూ ఒకటే వాసన. వెలిగిస్తే మొదట పూలు, తరవాత కిరసనాయిలు, చివరికి తలనొప్పి. కొత్తగా రంగులు వేసిన ఇంట్లో ఉన్నట్టుందని నాన్న అన్నారు. ఆ మాటకు శిక్షగా భోజనాల బల్ల పోయింది. ఇప్పుడు ఆయన మెట్ల మీద కూర్చుని పేపరు చదువుతున్నారు. రిటైరైనప్పుడు కూడా ఆయన ఇంత రిటైరవలేదు.

నాకూ ఉద్యోగం దొరికింది. డబ్బాల మీద రాసేది నేను. మల్లె కొవ్వొత్తికి 'సాయంకాలపు గోదావరి గట్టున విరిసిన మల్లెల తలపు' అని రాశాను. అమ్మ పుట్టింది రాంనగర్‌లో. గోదావరిని రైల్లోంచి చూసింది. అయినా చదివి కళ్ళు తుడుచుకుంది. నాకు చెప్పడం రాదు కానీ రాయడం బాగా వచ్చు అంది. పొగడ్తేనా?

సబ్బులు మాత్రం, నిజం చెప్పాలి, బాగున్నాయి. ఇంత కొబ్బరి నూనెకు ఇంత సోడా అని క్లాసులో ఇచ్చిన కాయితం ఫ్రిజ్‌కు అంటించింది. త్రాసు పెట్టి తూచింది. పెళ్ళిళ్ళలో దాచుకున్న మిఠాయి డబ్బాల్లో పోసింది. పసుపు వేసిన సబ్బు నెలకు ఆవాల పొడి రంగుకు వచ్చింది. ఇరవై చేస్తే ఇరవై అమ్ముడుపోయాయి.

అక్కడితో ఆగుతుందా. మూడో అంతస్తు అరుంధతి గారు తెలుసుగా, మా అపార్టుమెంటు ఆడవాళ్ళకు అధ్యక్షురాలు, ఎన్నికలు లేకుండానే. వరలక్ష్మీ వ్రతానికి వాయనంలో పసుపు పొట్లం బదులు పసుపు సబ్బు ఇస్తానని నూట ఎనిమిది చెప్పింది. అమ్మ నడకే మారిపోయింది.

నేను రోజూ లైబ్రరీకి వెళ్తున్నాను. గ్రూప్స్‌కు చదువుతున్నానని ఇంట్లో నమ్మకం. నవలలు చదువుతున్నాను.

నిహారిక


అచ్చంపేట,
జూన్ 26

నిహారికా,

నీ ఉత్తరాన్ని మా వంటక్క కురుమమ్మ పళ్ళెంలో పెట్టుకొని తెచ్చింది, హారతి తెచ్చినట్టు. ఈ బడికి నాలుగేళ్ళలో వచ్చిన మొదటి ఇన్లాండట. పిల్లలంతా చుట్టూ నిలబడ్డరు. ఎవరో అబ్బాయి రాసిండని అనుకుంటున్నరు. కాదంటే ఎవరూ నమ్మలేదు. నేను కూడ గట్టిగ కాదనలేదు.

మీ నాయిన మెట్ల మీద పేపరు చదవడం చదివి స్టాఫ్ రూములో ఒక్కదాన్నే నవ్విన.

ఒక్క మాట మాత్రం కెమిస్ట్రీ టీచరుగా చెప్తున్న. ఆ సోడా కాస్టిక్ సోడా. బజ్జీల్లో వేసేది కాదు. నూనెను బట్టి సోడా కొలత మారుతది. ఉజ్జాయింపుగా వేసేది కాదని మీ అమ్మకు చెప్పు. నువ్వే చెప్పు. మన కాన్వెంటు బడిలో హాజరు పిలిస్తే నీ గొంతు సిస్టర్‌కు వినిపించదని పదేళ్ళు నీ బదులు నేను 'ప్రెజెంట్' అన్న. చిక్కడపల్లి దాకా వచ్చి ఆ పని మళ్ళ చెయ్యలేను.

ఇక్కడ ఏడో తరగతి పిల్లలు పసుపు కాయితాలు చేస్తున్నరు. సబ్బు నీళ్ళలో ముంచడం, ఎర్రగయితే అరవడం. మనం కూడ చేసినం, యాదికుందా? సిస్టర్ నీ కాయితాన్ని క్లాసంతా చూపించింది. నువ్వు డెస్కు కింద దాక్కున్నవు.

నవత


చిక్కడపల్లి,
జూలై 14

నవతా,

మా ఇంట్లో అమ్మవారు వెలిసింది. నవ్వకు, దిగి వచ్చి దణ్ణం పెట్టుకో.

నూట ఎనిమిది సబ్బులు, పైన ఇంకో ఆరు ఎక్కువగా, మొన్న రెండో తారీఖున పోశాం. కొబ్బరి నూనె ధర మండిపోతోందని అమ్మ వారం రోజులు గొణిగింది. చివరికి వంటింట్లో ఉన్న పల్లీ నూనె డబ్బా ఎత్తింది. పులుసులో చింతపండు లేకపోతే మామిడికాయ వెయ్యమా అంది. ఆ మాట నాతోనే అంది. నేను పుస్తకంలో ఉన్నాను. తలూపాను. ఫ్రిజ్ మీద కాయితంలో ఉన్నంత సోడా ఉన్నట్టే పడింది.

పసుపు వేసి కలుపుతుంటేనే ఎర్రబడింది. పోయినసారి కూడా మొదట్లో కాస్త అలా అయి తరవాత సర్దుకుంది కదా అనుకున్నాం. ఈసారి సర్దుకోలేదు. రోజురోజుకూ అచ్చం కుంకుమ. పోసినవన్నీ.

అమ్మ ముందు భయపడింది. నాన్న చూసి, ఎర్ర ఇటుకలు బాగున్నాయి, గోడ కడదామా అన్నారు. సరిగ్గా అప్పుడు అరుంధతి గారు ఆర్డరు ఎంతవరకు వచ్చిందో చూడ్డానికి దిగింది. గుమ్మంలోనే చెప్పులు విడిచింది. రెండు చేతులూ ఎత్తింది.

“సులోచనమ్మా, ఏం జేసినవ్? పసుపు పెడ్తే కుంకుమైంది. వ్రతం ముంగట అమ్మవారు తానే ఒచ్చి కూసున్నది.”

అమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. నేను ఆమె మొహమే చూస్తున్నాను కాబట్టి చెప్పగలను. ఒక్క క్షణమే. తరవాత ఆమె కూడా కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టింది.

అప్పటి నుంచి మా ఇంట్లో జాతర. నారాయణగూడ నుంచి కూడా వస్తున్నారు. మీ అమ్మగారు కూడా వచ్చారు. సబ్బుల మీద పూలు వేస్తున్నారు. ఒకావిడ అక్షింతలు వేసింది. అవి సబ్బుల్లో దిగబడ్డాయి. ఇప్పుడు అవి ప్రత్యేకమైన సబ్బులు. ప్రతి మంగళవారం పిల్లలకు పసుపూ సున్నమూ కలిపి ఎర్రనీళ్ళు దిష్టి తీసే ఆడవాళ్ళే వీళ్ళంతా. పసుపు ఎప్పుడు ఎర్రబడుతుందో వాళ్ళ చేతులకు తెలుసు. చేతులు జోడించి ఉన్నాయి కాబట్టి గుర్తు రాలేదేమో.

ఇంతకంటే విశేషాలు లేవు. అమ్మ బాగుంది. మిరపకాయలు దంచినందుకు వేళ్ళు మండుతున్నాయంటోంది.

నిహారిక


అచ్చంపేట,
ఆగస్టు 1

నిహారికా,

మొన్న మా అమ్మ నారాయణగూడ నుంచి వచ్చింది. మీ అమ్మ పంపిన పొట్లం తెచ్చింది. ఆరు మహిమ సబ్బులు, ఒక అచ్చు కాయితం.

కాయితం ముందు చదివిన. “శ్రావణపు తొలి వెలుగులో పసుపు తనంతట తానే కుంకుమైన వేళ, పిలవకుండానే అమ్మ మన గడప తొక్కింది.” పిలవకుండానే! శ్రావణం రాకముందే పోసిన సబ్బుకు శ్రావణపు వెలుగు ఎక్కడ దొరికిందే? కింద పేరు లేదు. అవసరం లేదు. నువ్వు రాసింది నేను చీకట్లో కూడ గుర్తు పడత. నీ పోయిన ఉత్తరంలో అందరినీ చూసి నవ్వుకున్నవు, అరుంధతి గారిని, మీ అమ్మను, అక్షింతలు వేసినామెను. కాయితం సంగతి ఒక్కటి ఎందుకో మరిచిపోయినవు.

ఇంక సబ్బు సంగతి. నేను చూసే లోపల కురుమమ్మ ఒకటి తీసుకుంది. అమ్మవారి సబ్బని మా అమ్మ చెప్పింది కద. పొద్దున చేతులు చూపించింది. ముప్పై ఏండ్లు పెద్ద పెద్ద గంజులు తోమిన చేతులు, నిహారికా. వేడి గిన్నె బట్ట లేకుండ దించుతది. ఆ చేతుల మీద పొక్కులు.

“టీచరమ్మా, గీ అమ్మవారికి నా మీద ఏం కోపమో” అన్నది. ఆమె తప్పు చేసిందనుకుంటున్నది. నేను పొయ్యి కాడనే కూసున్న.

సబ్బును ఏడో తరగతికి తీసుకపోయిన. ఏ సబ్బయినా పసుపును కొద్దిగ ఎర్ర చేస్తది, అది వేరే. ఇది నెల ఆరిన సబ్బు. నీళ్ళలో కొంచెం కలిపి పసుపు కాయితం ముంచితే రక్తంలో ముంచినట్టయింది. నాలుక చివరకు తగిలిస్తే కరెంటు కొట్టినట్టు కొట్టింది. పదకొండేండ్ల పిల్ల లేచి చెప్పింది, మిస్, గిది సోడా మిగిలిపోయిన సబ్బు అని. ఆ పిల్లకు తెలిసింది.

కొబ్బరి నూనె తాగినంత సోడా పల్లీ నూనె తాగదు. మిగిలింది సబ్బులోనే ఉండి చేతుల కోసం చూస్తది. ఇది నీకు తెల్వదని నేను నమ్మ. పసుపు కాయితం క్లాసంతా చూపించింది నీదే.

వ్రతం పదహారో తారీఖున. నూట ఎనిమిది ఇండ్లు. ఆ లోపల నువ్వు చెప్పాలె.

నవత


చిక్కడపల్లి,
ఆగస్టు 6

నవతా,

కురుమమ్మ గారికి పెరుగు రాయమను. కాదు, నీళ్ళతో బాగా కడిగి కొబ్బరి నూనె రాయమను. నీకు తెలుసులే. ఆమె తప్పేమీ లేదని చెప్పు. నా పేరు చెప్పినా ఫరవాలేదు.

నాకు మొదటి రోజే తెలుసు. రంగు చూడగానే తెలిసింది. పల్లీ నూనె డబ్బా ఎత్తినప్పుడే అనుమానం. అప్పుడు చెబితే ఒక్క వాక్యం. మర్నాడు చెబితే రెండు. అరుంధతి గారు చెప్పులు విడిచాక ఎన్ని వాక్యాలు కావాలో లెక్క తేలలేదు. అమ్మ కాయితం రాయమంది. రాయడం సులువు కాబట్టి రాశాను.

అమ్మ వేళ్ళు మిరపకాయల వల్ల కాదు. మజ్జిగలో ముంచుకుని కూర్చుంటోంది, నేను రాగానే కొంగు కప్పేస్తోంది. తనకూ తెలుసో, తెలియకుండా ఉండాలని అనుకుంటోందో.

నవతా, ఒక్కసారి ట్యాంకు ఎక్కు. అమ్మకు ఫోను చెయ్యి. నువ్వు టీచరువి, నీ మాట వింటుంది. నాకు ఆమె ముందు నోరు పెగలదు. యాభై ఏళ్ళకు మొదటిసారి ఎవరో ఆమెను 'మేడమ్' అంటున్నారు. వ్రతం రోజు పట్టుచీర ఏది కట్టాలో ఇప్పుడే తీసి పెట్టుకుంది.

ఒక్కసారి. చివరిసారి.

నిహారిక


అచ్చంపేట,
ఆగస్టు 10

నిహారికా,

ట్యాంకు ఎక్కిన. సిగ్నల్ నాలుగు గీతలుంది. మా అన్నతోటి మాట్లాడిన, కరెంటు బిల్లు సంగతి. మీ అమ్మకు చెయ్యలేదు. చెయ్య.

హాజరు పట్టీలో ఉన్నది నీ పేరు.

నవత


చిక్కడపల్లి,
ఆగస్టు 18

నవతా,

నీ ఉత్తరం బుధవారం వచ్చింది. నిన్ను తిట్టుకుంటూ గురువారం గడిపాను. శుక్రవారం సాయంత్రం పేరంటం.

అరుంధతి గారి హాల్లో నలభై మంది. కలశం ముందు ఇత్తడి పళ్ళెంలో సబ్బులు గోపురంలా పేర్చారు. నా కాయితాలు సహా. అమ్మవారికి కట్టిన తోరం లాంటిదే పైన ఉన్న సబ్బుకూ కట్టారు. మా మల్లె కొవ్వొత్తులు ఆరు వెలిగించారు, అందుకని అందరికీ కళ్ళు నీళ్ళు. భక్తి అనుకున్నారు.

మాట్లాడకుండా చెప్పే దారి ఒకటి నాకు తట్టింది. పుల్లటిది పడితే పసుపు మళ్ళీ పసుపవుతుంది కదా. తాంబూలాల పక్కన నిమ్మకాయలున్నాయి. హారతి అయ్యాక ఒకటి కోసి, పై సబ్బు మీద అడ్డంగా రుద్దాను. ఎర్రటి దాని మీద పచ్చటి గీత పడింది. అందరూ చూశారు. ఇక అర్థమైపోతుంది, నేను ఇంటికి వెళ్ళి పుస్తకం తీసుకోవచ్చు అనుకున్నాను.

అరుంధతి గారు లెంపలేసుకుంది. “చూసిండ్రా, అమ్మవారు శాంతించింది. సులోచనమ్మా, నీ బిడ్డ చేతిల ఏందో ఉన్నది.”

ఒకావిడ నా చెయ్యి పట్టుకుని కళ్ళకద్దుకుంది. నిమ్మరసం కంట్లో పడింది. అయినా వదల్లేదు. ఇంకో ఇద్దరు వరుసలో నిలబడ్డారు. సబ్బుతో పాటు తలా ఒక నిమ్మకాయ కూడా ఇవ్వాలని ఎవరో అన్నారు, సరేనని మరెవరో కొట్టుకు బయల్దేరారు. నవతా, నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో ఆ మొత్తాన్ని నేను కాయితం మీద ఎంత బాగా రాయగలనో కూడా తోచింది. రెండో మహిమ. మొదటి వాక్యం తయారు.

అప్పుడు అరుంధతి గారు పళ్ళెంలోంచి ఒకటి తీసి మనవరాలి చేతిలో పెట్టింది. నాలుగేళ్ళ పిల్ల. అమ్మవారి సబ్బుతో చేతులు కడుక్కుని రమ్మంది, ప్రసాదం పెడతానంది. పిల్ల రెండు చేతులతో పట్టుకుని పరిగెత్తింది. నూట ఎనిమిదిలో మొదటి సబ్బు వెళ్ళింది ఆ చేతుల్లోకి.

“కడగొద్దు” అన్నాను.

ఎవరూ వినలేదు. మన సిస్టర్ చెప్పినట్టు నా గొంతు గదిలో సగం దాకా వెళ్ళి కూర్చుంటుంది. పిల్ల కుళాయి దగ్గర స్టూలు ఎక్కుతోంది. వాయనాలు తొక్కుకుంటూ వెళ్ళాను. ఎవరివో శనగలు ఒలికాయి. సబ్బు లాక్కున్నాను. పిల్ల ఏడ్చింది. ఆ ఏడుపుకు అందరూ ఆగారు. వెనక్కి తిరిగి చెప్పాను.

“ఇది మహిమ కాదండీ. సోడా ఎక్కువైంది. చేతులు కాలుతాయి. నెల నుంచి నాకు తెలుసు.”

అరుంధతి గారు నింపాదిగా ఒక సబ్బు పొట్లం విప్పింది, లోపలి కాయితం తీసింది.

“నెల సంది ఎరికైతే, మరి గిది ఎవలు రాసిండ్రు?”

“నేనే.”

అంతకంటే చిన్న మాట నేనెప్పుడూ అనలేదు. అంత బరువైనదీ అనలేదు. నలభై మంది మొహాలు నా వైపు నుంచి మెల్లగా అమ్మ వైపు తిరిగాయి. అమ్మ పట్టుచీర కొంగు రెండు చేతుల మీద కప్పుకుని నిలబడి ఉంది. కాదనొచ్చు. పిల్లకు పుస్తకాలు చదివి మతి పోయిందనొచ్చు, అందరూ సంతోషంగా నమ్మేవారు. నేనైతే అలాగే రాసి ఉండేదాన్ని.

అమ్మ కొంగు తీసింది. వేళ్ళ మీద తోలు పొరలు పొరలుగా లేచి ఉంది.

“నూనె మార్చింది నేను. కూర లాంటిదే అనుకున్నానమ్మా” అంది.

అందరూ పసుపూ కుంకుమా, అరటిపండూ, ఒలకని శనగలూ తీసుకుని వెళ్ళిపోయారు. నిమ్మకాయలకు వెళ్ళినావిడ సంచీతో తిరిగి వచ్చేసరికి హాలు ఖాళీ. నూట ఏడు సబ్బులు మెట్ల మీదుగా కిందికి దించాం. నూట ఎనిమిదోది, తోరం కట్టి గీత పడినది, అరుంధతి గారు ఇవ్వలేదు. దాన్ని పూజగదిలో పెట్టుకుంది. మేం నిజం చెప్పకముందే అది పూజలో కూర్చుందట.

రెండు రోజులుగా అమ్మ నాతో మాట్లాడ్డం లేదు. ఫోను మాత్రం నా దిండు పక్కన పెట్టి పోయింది. మోగడం లేదు కాబట్టి.

నిహారిక


అచ్చంపేట,
ఆగస్టు 24

నిహారికా,

నీ ఉత్తరాన్ని కురుమమ్మకు చదివి వినిపించిన. అమ్మవారికి ఆమె మీద కోపం లేదని ఇప్పుడు నమ్మింది. నీ మీద ఉన్నదట, కానీ తగ్గుతదట. పొక్కులు ఎండిపోయినయి.

నిమ్మకాయ మంచి ఉపాయమే. నోరు తెరవకుండా తప్పించుకోవడానికి నువ్వు చేసిన వాటన్నింట్ల అదే గొప్పది. పని చెయ్యనందుకు సంతోషం.

ఫోను వచ్చింది కదా, అయినా ఉత్తరం రాయి. పిల్లలు ఆ అబ్బాయి సంగతి అడుగుతున్నరు.

నవత


చిక్కడపల్లి,
సెప్టెంబరు 9

నవతా,

మీ పిల్లలకు చెప్పు, ఆ అబ్బాయికి జలుబు చేసింది.

అమ్మ పదో రోజున మాట్లాడింది. నూట ఏడు సబ్బులనూ ఏం చెయ్యాలని నాన్నను అడిగింది. గోడ సంగతి ఆయన మళ్ళీ ఎత్తలేదు, చాలా నిగ్రహం. అన్నింటినీ తురిమి, ఎంత కొబ్బరి నూనె పోస్తే సర్దుకుంటుందో ఆ అశోక్‌నగర్ మాస్టారిని కనుక్కుని, మళ్ళీ కాచింది. ఆవాల పొడి రంగుకు వచ్చాయి. నాలుకకు తగిలించి చూశాను. సబ్బు రుచే, చేదుగా, చప్పగా. కరెంటు లేదు. నెల ఆరాక మీ పిల్లలకు ఆరు పంపుతాను, పసుపు కాయితం ముంచి మార్కులు వెయ్యమను.

డబ్బా మీద ఏం రాయాలో ఈసారి అమ్మే చెప్పింది. కొబ్బరి నూనె, పల్లీ నూనె, సోడా, పసుపు. ఇంకేమీ వద్దంది. చదివితే ఎవరికీ కళ్ళు చెమర్చవు. ఇరవై మంది కొనే చోట ఇప్పుడు ఏడుగురే ఆర్డరు చెప్పారు. నాన్నకు భోజనాల బల్ల సగం తిరిగొచ్చింది.

మొన్న మళ్ళీ పోత మొదలుపెట్టాం. నేను వంటింటి గుమ్మంలో పుస్తకం పట్టుకుని కూర్చున్నాను. అమ్మ నువ్వుల నూనె డబ్బా మూత తీసింది. ఆగింది.

“ఇది కాస్త పోయనా?” అంది.

పాతికేళ్ళలో అమ్మ నన్ను ఒక సంగతి అడగడం అదే మొదలు. పుస్తకం మూశాను.

“వద్దు” అన్నాను. వినిపించింది.

నిన్న అరుంధతి గారు దిగి వచ్చింది. వ్రతం తరవాత మా గుమ్మం తొక్కడం ఇదే. అమ్మను కాదు, నన్ను పిలిచింది. ఆమె పూజగదిలోని సబ్బు రంగు తగ్గిపోతోందట. పైన తెల్లగా బూజులా పడుతోందట. రోజూ బొట్టు పెడుతున్నా, కొవ్వొత్తి వెలిగిస్తున్నా నిలవడం లేదట. “అమ్మవారు ఎందుకు పోతున్నది బిడ్డా?” అని అడిగింది, మెల్లగా, ఎవరూ వినకుండా. ఆమె కంట్లో నిజంగానే నీళ్ళున్నాయి. కొవ్వొత్తి పొగ అక్కడ లేదు.

మిగిలిన సోడా గాలి తగిలి పైకి తెల్లగా తేలుతుందని, వెలుతురుకు పసుపు వెలిసిపోతుందని, ఎవరూ రాలేదు కాబట్టి ఎవరూ పోవడం లేదని చెప్పాను. నమ్మలేదు. నేను పెట్టిన నిమ్మకాయ గీత వల్లే అమ్మవారు అలిగిందేమో ఆలోచించమంది.

కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, మళ్ళీ మొదటి నుంచి చెప్పాను.

నిహారిక